చుక్క తర్వాత నాలుగు

దేవరకొండ కచ్చీర్ల, మేడ మీది గదిల
షమీమ్ నాకొక పెట్టె చూపించింది.
తెర నడుమ తెల్లగ, సబ్బుబిళ్లంత.
"ఏం గావాల్నో అందుల కొట్టుండ్రి సారూ,
సర్కారు రాసిన పట్టికలన్నీ ఎతుక్కొస్తది."

నేను దిగిపోయి ఆరేండ్లు.
పింఛన్ కాయితం కోసం వచ్చినోణ్ని.
ఒక్క వేలుతోని కొట్టిన:
వా
న.

రెప్పపాటుల నాలుగు వందల పన్నెండు పట్టికలు.
పక్కన జిల్లా, మండలం, ఏడు, నెల.
ఏదానికి టిక్కు పెడితే అది ముంగటికొస్తది,
మిగిలినవి జరిగి తావిస్తయి
పెండ్లి బంతిల పెద్దమనిషికి ఇచ్చినట్టు.

మా కాలంల
బీరువా తాళం నింబయ్య మొలతాడుకుండేది.
నింబయ్య చాయకు పోతే
జిల్లా లెక్కంతా చాయకు పోయినట్టే.
చెదలు తిన్న వానకాలాలు,
ఎలుకలు పిల్లల్ని పెట్టిన జనాభా,
అట్ట మీద ఎవరిదో పాలలెక్క.

ఊరి పేరు తప్పు కొట్టినా దొరుకుతదట.
ఒక్క ఊరికి మూడు తీర్ల పేర్లు రాసిన పాపం మాదే.
ఇది మూడింటినీ ఒక్కటే అని పోల్చుకుంటది,
తిరునాళ్లల తప్పిపోయిన పిల్లను
మేనత్త పోల్చుకున్నట్టు.

షమీమ్ తనకోసం ఫ్లోరైడ్ అని కొట్టింది.
మర్రిగూడ దిక్కు ఊర్లు వరుసగ నిలబడ్డయి.
కొన్నిటి ముంగట అంకె,
కొన్నిటి ముంగట ఒట్టి గీత.
"గీతంటే సున్నానా సార్?"
కాదు బిడ్డా.
సున్నా అంటే పోయి చూసినం, లేదు అని.
గీతంటే ఎవ్వలూ పోలేదని.
కాళ్లు వంకర్లు పోయిన ఊరి ముంగట
ఎంత తిన్నగున్నదో చూడు ఆ గీత.

ఇగ నా సంగతి.
చందంపేట కొట్టిన. ఎనభై ఏడు, సెప్టెంబర్.
ముప్పై దినాలు బుద్ధిగ వచ్చి కూసున్నయి.
పదకొండో తారీఖు ముంగట
పన్నెండు, చుక్క, నాలుగు.
మిల్లీమీటర్లు.

ఆ దినం వాన పడలేదు.
కాదు, పడ్డదో లేదో నాకు తెల్వదు, అది నిజం.
రెయిన్‌గేజి తాసీల్ ఆఫీసు ఎనుక ముండ్లకంచెల ఉంటది.
బస్సు నడుమల చెడిపోయింది.
నేను ఆడికి పోనే లేదు.
పొద్దుగూకే వరకు ఫోన్ల అంకె చెప్పాలె.
మొగులు దిక్కు చూసిన,
ఒక అంచున జరంత నలుపు.
పన్నెండు అన్న.
ఒట్టి పన్నెండంటే కల్లలాగ వినబడ్తదని
చుక్క పెట్టి నాలుగు చేర్చిన.

ఆ నాలుగును చూసే అందరూ నమ్మిండ్రు.

గీతన్నా పెట్టకపోతిని.

ఎన్నో ఏండ్ల సంది, ఎవరు తెరిచినా,
ఆ చెలకల మీద ఆ వాన పడుతనే ఉన్నది.
ఒక్క గింజ తడవలేదు.
"ఆ ఏటి కరువు మండలాల పట్టిక కూడా ఉంటది సార్,
చందంపేట అందుల ఉన్నదో లేదో
ఒక్క టిక్కు పెడితే చాలు."
మౌస్ మీద దాని వేలు.
నెల సగటు ఒక గీటు దాటితే కరువు కాదు.
ఆ గీటుకు ఈవలనో ఆవలనో
నా నాలుగు కూసోనున్నది.

"దీంట్ల దిద్దే తావేమన్న ఉన్నదా?"
"లేదు సార్. ఇది ఎతుకుతది, అంతే."

నింబయ్య లెక్క చాయ పేరు చెప్పి లేచిన.
పింఛన్ కాయితం బల్ల మీదనే మర్చిపోయిన.
మెట్లు దిగుతుంటే
ముంజేతి మీద ఒక చుక్క పడ్డది.
మొగులు దిక్కు చూడలే ఈసారి.
చెయ్యి అట్లనే చాపి,
పడితే లెక్కపెడదామని
నిలబడ్డ.