తుడిచినవి

పగలు సాల్మియాలో ఏసీ డక్టులు తుడుస్తాను.
ఎన్ని అద్దాలు బిగించినా ఎడారి
తనను తానే జల్లించుకుని లోపలికొస్తుంది.
రాత్రిళ్ళు ఖైతాన్‌లో కంప్యూటర్లు. గదికి రెండు దినార్లు.
రెండు పనులకీ ఒకటే బ్రష్షని
చాంద్ బాషా నవ్వుతాడు. నిజమే, ఒకటే బ్రష్షు.

నిన్న పెంచలయ్య వాళ్ళ గది.
ఆరు మంచాలు, ఒక కంప్యూటరు,
శుక్రవారం సంతలో తలా ఇంత వేసుకుని కొన్నది.
దాని మీద కప్పడానికి పూల గుడ్డ కూడా.

"అడక్కుండానే కిటికీలు తెరుస్తాదప్పా!
నీకు కారొచ్చింది, ఈడ నొక్కు అంటాది.
మా ఓబులేసు నొక్కినాడు."
ఓబులేసు కాలి గోళ్ళు చూసుకుంటూ
"ఏమో, వస్తే..." అన్నాడు.

గోడ మీద, ఖుబూస్ లెక్కల పక్కన,
మార్కరుతో రాసిన పాస్‌వర్డు.
ఊరి పేరు, వెనక ఒకటి రెండు మూడు.
ఆరుగురికీ అదే, డబ్బు పంపే ఖాతాకీ అదే.
తలుపుకి రెండు గొళ్ళేలు వేసి
తాళంచెవి వాకిట్లో మేకుకి తగిలించినట్టు.

స్కాన్ పెట్టాను. పచ్చగీత నత్తలా పాకింది.
టీ వచ్చింది, చల్లారింది.
నలభై ఒకటి. నూట ఏడు. మూడొందల పన్నెండు.
అంకె మారినప్పుడల్లా గదంతా కేక,
మ్యాచ్ చూస్తున్నట్టు.
కొత్త సినిమా పెన్‌డ్రైవు ఎక్కి వచ్చినవి కొన్ని,
ఉచితం అన్న మాట వెనక నక్కినవి చాలా.

అన్నిటికీ అడుగున, పేరు లేని ఫోల్డర్లో
చప్పుడు చేయనిది ఒకటుంది.
అది కిటికీలు తెరవదు, కార్లిస్తాననదు.
ఎవరే మీట నొక్కినా పద్దు రాస్తుంది,
తారీఖుతో, టైముతో,
తుడిచేసిన అక్షరంతో సహా.

తెరవకుండానే పీకేయొచ్చు. నాకు తెలుసు.
వాళ్ళు చేతులు కడుక్కోవడానికి లేచారు.
తెరిచాను.

ఎవరివో బతాకా నంబర్లు.
ఇంగ్లీషు అక్షరాల్లో కుంటుతున్న తెలుగు:
పాపకి జ్వరం తగ్గిందా, బోరులో నీళ్ళు పడ్డాయా.
తర్వాత ఒక రాత్రి, రెండూ నలభైకి:
"కంపెనీ తీసేసింది"
బ్యాక్‌స్పేస్ బ్యాక్‌స్పేస్ బ్యాక్‌స్పేస్
"ఇక్కడ అంతా బాగుంది."
ఇంకో రాత్రి: "అఖామా అయిపోయి నెల"
మళ్ళీ వెనక్కి, చివరి అక్షరం దాకా వెనక్కి,
"ఎండలు ముదిరాయి."

ఊళ్ళో ఎవరూ చదవని వాక్యాలు
ఊరూ పేరూ తెలియని దొంగ చదివాడు.
రెండోవాణ్ణి నేను.

తెల్లారితే ఈ గది నుంచి
ఆరు టిఫిన్ డబ్బాలు బయటికి పోతాయి.
గడప దగ్గర ఆరు జతల బూట్లు.
అయిదింటికి సిమెంటు.
ఒక జతకి మడమలు మాత్రమే అరిగాయి.
అవి ఎవరివో చూడకూడదని
తెర వైపు తిరిగి కూర్చున్నాను.

"ఏముండాది దాంట్లో?"
"ఏం లేదు. పాత పురుగు."
పీకేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను.
ఖాతాల పాస్‌వర్డులు ఈ రాత్రే మార్చుకోమన్నాను,
వేరే మిషన్ మీద, ఎవరిది వాళ్ళు,
గోడకి చెప్పకుండా.

పెంచలయ్య దినార్ల కోసం చేయి చాచాడు.
తలా మూడొందల యాభై ఫిల్సులు.
ఒక్కడి దగ్గర వద్దంటే
వాడెవడో నాకు తెలిసిపోయినట్టే.
"వారం చూడండి. మళ్ళీ రాకపోతే అప్పుడిద్దురు."

మెట్లు దిగుతుంటే పైన గొడవ మొదలైంది,
కొత్త పాస్‌వర్డు ఎవరి కూతురి పేరని.
నవ్వులు వినిపించాయి.
ఒకటి, రెండు, మూడు, నాలుగు...

నేనూ పద్దు రాస్తున్నానని తోచి
లెక్క ఆపేశాను.