గుమ్మం కొలత

లిమ్మట్ నది మీద మంచు ఇంకా విడలేదు.
రెండో షెడ్డులో ఉక్కు డ్రమ్ము తిరుగుతోంది,
నిమిషానికి పన్నెండు వేల చుట్లు.
దాని నిండా సన్నని గదులు,
ఒక్కోటి జానెడు పొడవు, వేలి మందం.

పిస్టన్ లేదు. రెక్కల్లేవు.
ఒక వాయువు ఇంకో వాయువును
ఒట్టి చేతులతో తోస్తుంది.
మధ్య తెరైనా ఉండదు.
కలిసిపోయేలోగా విడిపోవాలి, అంతే.

ఇటు ద్వారం తెరవగానే ఒక దెబ్బ.
ఆ దెబ్బ అల అయి అటు కొసకు చేరిన క్షణానే
అటు ద్వారం తెరుచుకోవాలి.
ఆలస్యమైతే మూసిన గోడను గుద్దుకుని వెనుదిరుగుతుంది.
తొందరపడితే
అవతల కూడబెట్టిన ఒత్తిడంతా ఇవతలికి ఒలికిపోతుంది.

అంచులు గీసింది నేనే.
గాలికి గీశాను, నలభై ఒక్క డిగ్రీల దగ్గర.
పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్నదే కదా,
దాన్ని కొత్తగా అడిగేదేముందని.

ఆ వారం సిలిండర్లలో దిగింది బొగ్గుపులుసు గాలి.
బరువైనది. తాపీ మనిషి.
దాని లోపల చప్పుడు కూడా
తల మీద మూటతో నడిచినట్టు నడుస్తుంది.

యంత్రం ఈల వేసింది.
బేరింగులు విప్పాను, సీళ్ళు మార్చాను,
రాత్రి పదకొండు దాకా కాగితాలతో పోట్లాడాను.

పొద్దున్నే బాల్తజార్ త్సుమ్‌స్టెగ్ వచ్చాడు.
ఎడమ చెవిని ఎప్పుడో ఒక కంప్రెసర్‌కి ఇచ్చేసిన ఫిట్టరు.
స్క్రూడ్రైవర్ మొన డ్రమ్ము తొడుగుకు ఆనించి
పిడిని కుడి చెవికి పెట్టుకున్నాడు.
చాలాసేపు.
"ఉర్సినా, నీ తలుపు ముందే తెరుచుకుంటోంది.
వచ్చేవాడింకా దారిలోనే ఉన్నాడు."

మా తమ్ముడు గియాన్‌కి మాట తడబడుతుంది.
వాక్యం సగంలో ఉండగానే
మిగతా సగం నేను అందించేదాన్ని, సాయమనుకుని.
వాడు తలూపేవాడు.
వాడు చెప్పబోయింది అదేనా అని
ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

బోల్టులు వదులు చేసి
పన్నెండు డిగ్రీలు తిప్పాం పలకను.
తెరిచే అంచు కుదిరింది. మూసే అంచు కుదరలేదు.
నెమ్మదైనవాడు లోపలికి రావడానికీ నెమ్మదే కదా!
బాల్తజార్ ఆకురాయి అందుకున్నాడు.
ఉక్కు పొడి అతని బేరిపండు రొట్టె మీద పడింది.
ఊది తినేశాడు.

ఎంత బరువు, ఎంత వేడి,
నొక్కితే ఎంత మొండికేస్తుంది,
ఈ మూడూ అడక్కుండా గుమ్మం కొలవకూడదని
నోటుపుస్తకంలో రాసుకున్నాను.
కింద ఇంకో లైను రాసి, కొట్టేశాను.

మధ్యాహ్నానికి ఈల తగ్గింది. పూర్తిగా పోలేదు.

వచ్చే వారం హైడ్రోజన్ వస్తుందట,
గాలికి మూడు నాలుగింతల పరుగుతో.
ఈ పలక దానికి పనికిరాదు.

సాయంత్రం గియాన్ ఫోన్ చేశాడు.
"అ...అక్కా, రే...రే..." అన్నాడు.
రేపా, రేషనా, రేడియోనా,
నాలుక చివర మూడు మాటలు సిద్ధంగా నిలబడ్డాయి.
పళ్ళు బిగించి
కిటికీలోంచి నదిని చూస్తూ ఉన్నాను.