ఇరవై ఎనిమిది దినాల నెల

మా యిల్లు నాలుగు చక్రాల మీద ఉండాది.
ఎనకాల దూదేకే మిషను, దాని పక్కన పరుపు,
పరుపు మీద మేం ముగ్గురం.
అద్దానికి అంటిచ్చిన నల్లగళ్ల అట్టముక్క,
దానికి ఫోను చూపిచ్చినాకనే
దిండు కుట్టిన డబ్బులు పడేది.

ఊరోళ్లకు నెలంటే ముప్పై దినాలు.
మా ఫోనుకు ఇరవై ఎనిమిదే.
ఆ రెండు దినాలు ఎవురు తిన్యారో
దస్తగిరికి లెక్క తెగదు.
ఏడాదికి పదమూడు నెల్లంట.
పదమూడో నెల పేరేందని అడిగినా.
"రీచార్జి మాసం" అన్యాడు,
ముద్దనూరు గేటు కాడ గూడ్సు బండి పోయేదాకా
నవ్వుతానే ఉన్యాడు.

రెండు సిమ్ములు.
ఎర్రది ముద్దనూరు దాటితే సచ్చాది.
నీలంది కొండాపురంలో గానీ లెయ్యదు.
నడాన ఇరవై కిలోమీటర్లు
మేం లోకంలో ల్యాం.
అప్పుడు గౌసియా తలెత్తి బయటికి చూచ్చాది,
శనగ చేన్లు, నాపరాళ్ల గోడలు, నల్లరేగడి.
"మా, ఆ తీగ మీద ఉండేది ఏం పిట్టమా?"
సిగ్నలున్యప్పుడు
ఎన్నడూ అడగని మాట.
నాకూ తెలీదు.

దినానికి ఒకటిన్నర జీబీ.
సగం గౌసియా డిప్లొమా పాఠాలకు.
"పరుపుల బండి రేపు మీ ఊరికి" అని
ఊర్ల గ్రూపుల్లో పెట్టేదానికి ఇంత.
దారికింత.
అడుగూ బొడుగూ దస్తగిరికి:
ఎవురో కోడిపుంజులకు నీళ్లు పోసే వీడియోలు.
వద్దంటే,
పన్నెండుకు మళ్లా నిండుతాదిలేమ్మే అంటాడు.
కొళాయి కాడ బిందెలు పెట్టి కాసుకున్నెట్ల
పన్నెండుకు కాసుకుంటాం.

గండికోట కాడ ఒక రేయి నిలిపినాం.
పక్కన బెంగుళూరు బండి.
లోపల మంచం, కుళాయి, కాఫీ మిషను,
నెత్తిన తెల్ల పళ్లెం.
ఆ పళ్లెం ఆకాశం నుంచి నెట్టు దింపుతాదంట.
నెలకెంతని దస్తగిరి అడిగినాడు.
చెప్పినాడు ఆయప్ప.
పన్నెండు పరుపుల కూలి, అనుకున్యా.

పదకొండుకు తలుపు తట్టినారు.
ఆయప్ప పెండ్లాం. ఒళ్లో చంటిబిడ్డను పట్టుకున్నెట్ల
ల్యాప్‌టాప్ పట్టుకోనుండాది.
గాలికి పళ్లెం తిరుక్కున్యాదంట.
తెల్లారేలోగా ఆఫీసుకు ఏందో పంపాల్నంట.
మా కాడ మిగిలింది మున్నూరు ఎంబీ.
దస్తగిరి నాకల్లా చూసినాడు.
పుంజులింకా తడవనే లేదు.

ఈ సీమలో నీళ్లడిగితే
చెంబుతో కొలిచి ఇచ్చాం గానీ
ల్యావని చెప్పం.
పాస్‌వర్డు గౌసియానే చెప్పింది:
"మెత్తటి దూది, అన్నీ చిన్నక్షరాలు,
ఎనకాల మూడు సున్నాలు."

బండి మెట్టు మీద కూచ్చోని పంపుకుంటాంది.
గీత నిండతా నిండతా
తొంభైనాలుగు కాడ ఆగిపోయింది.
అయిపోయింది మా నెట్టు.
గడియారంలో పదకొండూ నలభై.

ఇరవై నిమిషాలు నలుగురం ఊరికే కూచ్చున్యాం.
కింద లోయలో పెన్న,
కనపడదు, తడి వాసనొక్కటే.
ఆమె పరుపు మీద అరచెయ్యి పెట్టి నొక్కింది,
ఎత్తింది, మళ్లా నొక్కింది.
"మాది స్పాంజి" అన్యాది,
ఏదో తప్పు ఒప్పుకున్నెట్ల.

పన్నెండు కొట్టింది. గీత నిండింది.
ఐదొందలు తీసింది. దస్తగిరి తీసుకోలే.
తెల్లార్తో మిషను కాఫీ తెచ్చిచ్చింది.
చేదు. తాగినాం.

ఆ పొద్దు గౌసియా పాఠం
బొమ్మ ఆపి, మాటలొక్కటే విన్యాది.
ముద్దనూరు దాటినాం. ఎర్రది సచ్చింది.
"మా, ఆ పిట్ట పేరు తెలిసింది" అన్యాది.
యాడ తెలిసింది, ఎంత ఖర్చయింది,
నేనేం అడగలే.
చెప్తాదిలే.
ఇంగా ఇరవై కిలోమీటర్లు ఉండాది.