ఏడో నంబరు

ఔలు రేవులో నవంబరు. మధ్యాహ్నం మూడింటికే చీకటి.
సముద్రమట్టం కొలిచే గదిలో ఔలిక్కి
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
ఒక్క వరుసనే చూస్తోంది:
మంగళవారం వేకువ, నీటి అంకెల మధ్య ఇరుక్కుని
"ప్రింటర్‌లో కాగితం అయిపోయింది."

సముద్రానికి కాగితంతో పనేమిటి?
ఓత్సో నవ్వాడు. కుర్రాడు.
ఆమె మూడు రోజులు నవ్వలేదు.

కెర్నెల్ మనకిచ్చేది ఫైలు కాదు, ఒక అంకె.
సున్నా, ఒకటి, రెండు పుట్టుకతోనే వస్తాయి.
ఆపైన అడిగినవాడికల్లా
ఖాళీగా ఉన్నవాటిలో చిన్నది.
ఏడు ఖాళీ అయితే ఏడే.
నిన్నటిదాకా అది ఎవరిదో ఏడుకి గుర్తుండదు.

చదువుకునే రోజుల్లో, తుర్కు నాటకశాలలో
ఓవర్‌కోట్లు దాచే బల్ల వెనక నిలబడేదాన్ని, అంది.
ఇత్తడి బిళ్ల మీద ఏడు.
విరామంలో ఒకాయన కోటు తీసుకుని వెళ్ళిపోయాడు.
ఆలస్యంగా వచ్చినావిడకి అదే బిళ్ల ఇచ్చాను.
కాసేపటికి ఆయన భార్య వచ్చి
"మాది ఏడు" అంది. ఉత్త నోటిమాట.
ఇచ్చేశాను.
మైనస్ పద్దెనిమిదిలో ఆ రెండో ఆవిడ
పల్చటి శాలువాతో బస్సు దాకా నడిచింది.
మంచు మీద ఆ చెప్పుల చప్పుడు,
నలభై ఏళ్ళయింది, ఇంకా ఆగలేదు.

ఇక్కడ జరిగిందీ అదే.
ఏడుని మూయబోతే సిగ్నల్ అడ్డొచ్చింది.
"అంతరాయం" అని జవాబు.
మర్యాదగా ఎవరో మళ్ళీ మూయమని రాశారు.
మొదటిసారికే మూసుకుపోయింది, పాపం.
ఆ రెండు మూతల నడుమ, రెప్పపాటులో,
ప్రింటర్ ఏడుని పుచ్చుకుంది.
రెండో మూత దాని నెత్తిన పడింది.
వెనకే సముద్రం వచ్చి ఏడుని తెరిచింది.
ప్రింటర్‌కి ఇవేవీ తెలియవు.
తన పుస్తకమే అనుకుని
సముద్రంలో రాసింది.

ఆ "ఎవరో" ఎవరని ఓత్సో పాత మార్పులు తిరగేశాడు.
పదకొండేళ్ళ కిందట, రాత్రి ఒంటిగంటకి,
ఔలిక్కి.
అతను తెర కిందికి జరపబోయాడు.
"ఉండనీ," అంది.

ఆ రాత్రి లైబ్రరీలో రెండు రకాలు రాసింది.
ఒకటి సొంతం: నకలు తీయనివ్వదు.
చేతులు మారితే పాత చేతిలో
మైనస్ ఒకటి మాత్రం మిగులుతుంది.
పోయేముందు తలుపు తనే వేస్తుంది, ఒక్కసారి,
జవాబేమొచ్చినా వెనక్కి తిరగదు.
రెండోది అరువు: చదవొచ్చు, రాయొచ్చు,
మూసే హక్కు లేదు.
అరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా.
ఇన్నాళ్ళూ ఆ బరువుని
వ్యాఖ్యల్లో, "దయచేసి మూయకండి" అన్న బతిమాలుళ్ళలో
మోస్తూ వచ్చాం.
ఇక కంపైలర్ మోస్తుంది.
అది బతిమాలదు.

తెల్లారి పరీక్షలన్నీ పచ్చగా వచ్చాయి.
ఆ కాగితం వాక్యాన్ని రికార్డులోంచి తీసెయ్యనా, అన్నాడు ఓత్సో.
వద్దంది. పక్కన తన పేరూ తేదీ రాసింది.

అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ.
మంగళవారం నుంచి
ప్రింటర్‌లో ఎవరూ కాగితం పెట్టలేదు.