నాలుగో మడత

ముక్తినాథ్‌లో ఇంకా తెల్లారలేదు.
లాడ్జి వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని
పాత సైకిల్ ట్యూబు కత్తిరిస్తున్నాను.
రెండు వేళ్ల వెడల్పు ముక్క,
లెన్సు మెడకు బిగించి తొడిగితే
సందుల్లోంచి దుమ్ము దూరదు.
ఇది నాకెవరూ చెప్పలేదు.
మొదటి కెమెరా గొంతులో ఇసుక పడి
కిర్రుకిర్రుమంటూ ప్రాణం వదిలినప్పుడు
దాని దగ్గరే నేర్చుకున్నాను.

బూట్ల డబ్బాల్లో వచ్చే తెల్ల పొట్లాలు నాలుగు
పొయ్యి గట్టున వెచ్చబెట్టి సంచి అడుగున పరిచాను.
వాటి మీద కెమెరా.
సంచి మూతికి మూడు మడతలు చాలంటారు.
నాలుగోది నా భయానికి.

"చంటిపిల్లకైనా ఇన్ని బట్టలు తొడగరే యాంగ్కీ"
గొలుసుకి నూనె పెడుతూ అన్న నవ్వాడు.
నవ్వనీ.
పోఖరా దుకాణంలో ఇంకా ఐదు వాయిదాలున్నాయి,
కట్టేది జిగ్దెల్ కాదు.

సంచి వీపుకి కాదు, రొమ్ముకి కట్టుకుంటాను.
రాళ్ల మీద సైకిల్ దూకినప్పుడు
మోకాళ్లూ మోచేతులూ సగం దెబ్బ మింగేస్తాయి,
మిగిలిన సగం నా గుండె చూసుకుంటుంది.

మా లోయలో గాలికి గడియారం ఉంది.
పది దాటితే లేస్తుంది,
కాళీగండకి ఒడ్డునంతా ఊడ్చి తెచ్చి
మొహాన కొడుతుంది.
నత్త ముద్రలున్న నల్లరాళ్లు పగిలి పొడైన దుమ్ము అది.
ఇదంతా ఒకప్పుడు సముద్రమట.
దుమ్మూ నీళ్లూ ఒక ఇంటివాళ్లే ఇక్కడ,
ఏ ఒక్కరికి తలుపు తీసినా
రెండోవాళ్లు వెనకాలే వస్తారు.

గాలికి వీపు తిప్పు.
కొండ మీద లెన్సు మార్చకు.
నోటితో ఊదకు, ఊపిరి తడి.
చొక్కాతో తుడవకు,
చొక్కా నిండా ఉన్నది కొండే.
ఇలా నాకు నేను చెప్పుకుంటూ
లుబ్రా కనుమ దిగాను నలుగురు రైడర్ల వెనకాల.
వాళ్ల మొహాల్లో అద్దాలు తప్ప ఏమీ కనిపించలేదు.

కింద పాండా ఖోలా.
పొద్దున మోకాలి లోతు, ఎండెక్కాక నడుం లోతు.
ఒకరి సైకిల్ భుజానేసుకుని జిగ్దెల్ దిగాడు,
అడుగు రాయి కదిలింది.
మనిషి నిలబడ్డాడు, సైకిల్ పోయింది.

అవతలి ఒడ్డు నుంచి వస్తున్న ఓ అవ్వ,
వీపున బుట్టలో మేకపెంట,
చేతికర్ర తీసి పోతున్న చక్రంలో గుచ్చింది.
నడుం లోతు నీళ్లలో ఆమె, కర్ర,
కర్ర చివర సైకిల్.
ముందు చక్రం ప్రవాహానికి గిర్రున తిరుగుతూ
నీళ్లని ఎండలోకి చిమ్ముతోంది.
ఆమె నోరంతా తెరిచి నవ్వుతోంది,
పళ్లు మూడో నాలుగో.

నా వేళ్లు మడతలు విప్పుతున్నాయి.
ఒకటి.
రెండు.
మూడు.
నాలుగోది తడిసి బిగుసుకుపోయింది.

అది వదిలేసరికి అవ్వ ఒడ్డున కూర్చుని
పావడా పిండుకుంటోంది.
"ఏముంది తల్లీ అందులో, అంత గట్టిగా హత్తుకున్నావు?"
"కెమెరా."
"ఏం చూసింది?"

కంటికి రెప్పలా కాపాడాను దాన్ని.
రెప్ప తెరవాలని కూడా ఉంటుందని
ఆ మాట అన్నవాళ్లు చెప్పలేదు,
లేదా నేను సగమే విన్నాను.

అవ్వ లేచి, బుట్ట సర్దుకుని, కొండెక్కుతోంది.
పదకొండైంది. గాలి నిండా కొండ.
గాలికి వీపు తిప్పడం మర్చిపోయి
ట్యూబు ముక్క లాగేసి
పొడుగు లెన్సు తగిలించాను.
తీసిన ఫోటోలో పెద్దగా ఏమీ లేదు.
ఒక బుట్ట, బుట్ట కింద రెండు మడమలు,
తడి పావడా చుక్కలు కార్చిన దారి.

అప్పటినుంచి నా ఆకాశాలన్నిట్లో
ఎడమ మూల ఒక నల్లటి నలుసు.
పోఖరా దుకాణదారు మొదట గద్ద అనుకున్నాడు.
తర్వాత లోపల దుమ్మన్నాడు,
శుభ్రం చేస్తే ఎనిమిది వందలన్నాడు.
వాయిదాలు తీరనీ, చూద్దాం అన్నాను.

ట్యూబు ముక్క ఇప్పటికీ తొడుగుతాను.
పొట్లాలు వెచ్చబెడతాను.
మడతలు మాత్రం మూడే.