బట్టల బండ

రేపు సాయంత్రం ఐదింటికి గడువు.
ఫోన్ తెర మీద రెండు సీట్లు.
పర్యావరణ శాస్త్రం ఒకటి,
పర్యావరణ ప్రణాళిక ఇంకొకటి.
రెండింటి ముందూ ఒకే మాట ఉంది గనక
మా నాయన రెండూ ఒకటే అనుకుంటున్నడు.
"ఏదైతేంది బిడ్డా, జీతం దేంట్ల ఎక్కువ?"

నాయన ట్యాంకర్ నడుపుతడు.
ఐదువేల లీటర్లు, దినాం తొమ్మిది ట్రిప్పులు,
ఎండాకాలం పదమూడు.
నీళ్ల గురించి ఆయనకు తెలిసిన శాస్త్రం
ఏ అపార్ట్‌మెంట్ సంపు ఎన్ని నిమిషాల్ల నిండుతదో.
ఆయనకు తెలిసిన ప్రణాళిక
ఏ గల్లీల బండి తిరగదో.

అడగాల్సినోళ్లను అడిగిన.
మెహజబీన్ అక్క నాచారం ల్యాబ్‌ల చేస్తది.
"పద్దెనిమిది వేలు. చేరి నాలుగేండ్లు.
చెరువుల నుంచి సీసాలొస్తయి,
ఆక్సిజన్ ఎంతుందో రాస్త.
సున్నా పాయింట్ ఎనిమిది అని రాసేటాల్లకు
చేపలు తేలిన సంగతి
గద్దలకు ఎప్పుడో తెల్సిపోతది."
చాయ్‌ల బిస్కెట్ విరిగి పడ్డది. చెంచాతో తీసుకుంట
"కానీ చెల్లె, అంకె అబద్ధమాడదు" అన్నది.
"ఎవరన్న ఒక్కలు, ఎప్పుడన్న ఫైలు తెరిస్తే
అది ఆడ్నే ఉంటది."

విఠల్‌దాస్ సార్ ప్లానింగ్ కన్సల్టెంట్.
పెద్ద స్క్రీన్ మీద పట్నమంతా పరిచి చూపించిండు.
నీలం నీళ్లు, ఆకుపచ్చ బఫర్, పసుపుపచ్చ ఇండ్లు.
"ముప్పై ఐదుతో మొదలు.
నోటిఫికేషన్ పడితే నీ అదృష్టం.
గీత గీసుడు రెండు నిమిషాల పని,
గీసిన కాడ దాన్ని ఉంచుడే నౌకరీ."
మౌస్ మీద ఆయన వేలు జరంత వణికింది.
షుగరో, ఇంకేమన్ననో.

మా బస్తీ వెతకమన్న.
దొరికింది.
పసుపుపచ్చల కాదు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే చూసిన,
ఇరవై ఏండ్ల సంది చూస్తున్నదాన్నే,
అమ్మ బట్టలుతికే బండను.
ఒక మూలకు చెక్కిన మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక నంబరు,
సబ్బు నురగల సగం అరిగినయి.
నేను అక్షరాలు దిద్దిందే వాటి మీద:
ఎఫ్, టీ, ఎల్.
ఫుల్ ట్యాంక్ లెవెల్.
చెరువు నిండితే ఇక్కడిదాకా అని
ఎవరో సర్కారు మనిషి పాతిన రాయి.

"ఇది ఎక్కడిదే అమ్మా?"
"సందు మొదట్ల ఉండె. బండి తిరగకపాయె.
మీ నాయనా మామా పెకిలించి తెచ్చిండ్రు.
మంచి రాయి, ఇన్నేండ్లయినా పగల్లే."

శాస్త్రం చదివితే
వానకాలం మా వంటింటి గచ్చు కింద ఊరే నీళ్లల్ల
ఏమేమున్నయో చెప్పగల్గుత.
ప్రణాళిక చదివితే
ఆ నీళ్లు చుట్టాలు కాదు,
ఇంటోళ్లే,
మనమే చుట్టాలం అని
ఈ అరవై గజాల నోటరీ కాయితం ముందు కూసొని
నాయనకు చెప్పాల్సొస్తది.

జీతాల లెక్క ఇందుల ఎక్కడ కలపాలో తెల్వలే.
అయినా కలిపిన.
చిట్టీ మూడు వేలు, తమ్ముని పాలిటెక్నిక్, అమ్మ మోకాలు.
రెండుసార్లు కూడితే రెండు జవాబులొచ్చినయి.

తెల్లారి నాలుగింటికి ఒకటి నొక్కిన.
"ఏది?" అన్నడు నాయన, చెప్పులేసుకుంట.
"పని ఉన్నది."
"గంతే చాలు."
ట్యాంకర్ స్టార్ట్ చేసిండు.
సందు మొదట్ల, ఇప్పుడు లేని రాయిని తప్పిస్తున్నట్టు
అలవాటుగ కుడికి కోసి తిప్పిండు.

సర్టిఫికెట్ల ఫైలు ఒళ్లో పెట్టుకుని బస్సుల కూసున్న.
"ట్యాంక్, ట్యాంక్, మాసబ్ ట్యాంక్"
కండక్టర్ ఒర్రుతున్నడు.
దిగిన.
నీళ్లు లేవు. ఫ్లైఓవర్ నీడ ఉన్నది,
నీడల చెరుకురసం బండి.
కాలేజీ ఎటు అని అడగబోయి
ఇంకోటి నోటిదాకా వచ్చి ఆగింది:
దీని రాళ్లు ఎవరింట్ల ఉన్నయన్నా?