గుండం పూడ్చిన చోట

"మీ వీధిలో ఇంతమంది
ఆ జమాత్ వాళ్ల వెంట ఎందుకు పోతా ఉండారమ్మా?"
తిరుపతి యూనివర్సిటీ నించి వచ్చిన పిల్ల
పుస్తకం తెరిచి అడిగింది.
ముందు కూర్చో అన్నా.
మామిడి జీడికి నల్లబడిన వేళ్లు
కొంగులో దాచుకున్నా.

నా మొగుడు దౌలత్‌ఖాన్
చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాలు మోసేవాడు.
బెల్టు మిషను వచ్చింది,
ఆయన చేతులు ఇంటికొచ్చేసినాయి.
ఆ తర్వాత బజార్లో ఆయన పేరు "ఏయ్ సాయిబూ".
పొద్దుగూకితే అదీ లేదు,
బ్రాందీ షాపు గోడ పక్కన ఒక మూట.

ఒకనాడు తలుపు కొట్టినారు.
వారం కంతు వాళ్లనుకొని దీపం ఆర్పేసినా.
నలుగురు, భుజాల మీద చుట్టిన పరుపులు,
మడమల పైకి పైజామాలు.
గడప దాటలేదు.
"దౌలత్ భాయ్" అన్నారు.
అంతే.
ఎన్నేళ్లకో మా ఇంటికి
ఆయన పేరు నడిచొచ్చింది.

మసీదులో ముందు వరస బెల్లం మండీ వాళ్లది.
మాది చెప్పులకాడ.
ఎవురూ చెప్పలేదు, ఎవురికీ చెప్పే పని లేదు.
వాళ్లు ఈయన చెయ్యి పట్టుకొని
మండీ హాజీ పక్కనే నిలబెట్టినారు.
ఆ రాత్రి భుజం తడుముకుంటా,
"ఆయన భుజం నాకు తగిలింది జైతూన్" అన్నాడు,
అన్నం కలపడం మర్చిపోయి.

మా అత్తకి వేలూరులో ఆపరేషన్ అయిన దినం
కౌన్సిలర్ ఫోను ఎత్తలా.
ముతవల్లి దువా చేస్తానన్నాడు.
నెత్తురిచ్చిన ఇద్దరు పిల్లోళ్లు
టీ కూడా తాగకుండా బస్సెక్కినారు.

ఆ పిల్ల "మతం" అని రాసుకుంది.
రాసుకో తల్లీ.
దాని పైన కొంచెం చోటు వదులు.

ఇంకోటుంది, రాస్తావో లేదో.
మా అబ్బ పీరు ఎత్తేవాడు.
పదో రాత్రి నిప్పుల్లో ఆయన నడస్తా ఉంటే
మునిలక్షుమ్మ బిందె నిండా పానకం తెచ్చేది,
మనవణ్ణి పీరు నీడలో పండబెట్టేది.
అది తప్పన్నారు వీళ్లు.
తప్పే అయ్యుండొచ్చు, నేను చదువుకోలేదు.
గుండం పూడ్చి సిమెంటు పోసినారు.
ఇప్పుడాడ బైకులు నిలబెడతారు.
పోయినేడు మునిలక్షుమ్మ బిందెతో వచ్చింది,
ఆ సిమెంటు కల్లా చూసింది,
నా కల్లా చూసింది.
మా సట్టిలో పానకం వొంపి
వట్టి బిందె చంకన పెట్టుకొని పోయింది.
ఆమెకే జవాబు చెప్పలేకపోయినా,
నీకేం చెప్పేది?

వెండి పంజా బియ్యం డ్రమ్ములో ఉండాది,
పచ్చగుడ్డలో, అడుగున.
ఈయనకి తెలుసు.
బియ్యం తీసేటప్పుడు
చెయ్యి లోతుకి పోనీడు.

అజాన్ ఇచ్చినారు.
టోపీ పెట్టుకొని బయటికి పోయినాడు.
రోజూ మలుపు దాకా చూస్తా,
అడుగు తడబడతాదేమో అని.
తడబడదు.
నాకు అది చాలు, రాసుకో.

ఆ సిమెంటు మీద మాత్రం కాలు పెట్టడు.
రెండు బైకుల సందులో దూరి
పక్కగా పోతాడు.